పండుగ పాకలో రైల్వే పందిరి

ఆ డిసెంబరు ఉదయం దైవాధీనం చేయవలసిన పనులు మూడే. తలస్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, అరుగు మీదున్న పందిరి నమూనాను పదిలంగా పట్టుకుని గుడివాడ స్టేషనుకు వెళ్లి, పది గంటల బండిలో దిగే ఇంజినీరు ఉమామహేశ్వరరావుగారికి చూపించాలి.

దైవాధీనం రైల్వే పనుల ఆఫీసులో ప్లాన్లు గీస్తాడు. బందరు లైనులో ఒక చిన్న స్టేషనుకు నీడ కావాలి. అక్కడి ప్లాట్‌ఫారం మట్టి మెత్తన; బరువైన షెడ్డు వేస్తే కుంగుతుందని ఇంతకుముందు రెండు ప్లాన్లు తిరిగొచ్చాయి. ఇదీ తిరిగొస్తే ఇక నీడ మాట ఎవరూ ఎత్తరు. ఆ ఊరి బడిలో పంతులమ్మగా ఉన్న అతని భార్య ఆనందమ్మ, ఇంటికొచ్చే బండి కోసం రోజూ పడమటెండలో గంటసేపు నిలబడుతుంది. ఈ సంగతి దైవాధీనం ఆఫీసులో చెప్పలేదు. ఆనందమ్మకూ చెప్పలేదు, అదో మొహమాటం. కొబ్బరి ఈనెలతో, దారంతో, అట్టముక్కలతో నెల రోజులు కుస్తీపట్టి, ఊదితే ఎగిరిపోయేంత తేలికైన పందిరి కట్టాడు.

అతను స్నానం చేస్తుండగా చర్చి పెద్ద పున్నయ్య వచ్చాడు. క్రిస్మస్‌కు ఏ ఇంటివారు ఏం తేవాలో పంచేది ఆయనే. దైవాధీనం వంతు బాలయేసు పశువుల పాక. అతను శుభ్రంగా మరిచిపోయాడు. ఆనందమ్మ మాత్రం, ఒక్కసారీ గుర్తుచేయకుండానే భర్త పాక కట్టేశాడని పొంగిపోయి, నమూనాను రెండు చేతులా ఎత్తి ఇచ్చేసింది. తానూ వెంట వెళ్లింది.

దైవాధీనం తడితలతో సైకిలెక్కి చర్చికి చేరేసరికి, పందిరి మీద వరిగడ్డి, కింద మట్టి గొర్రెలు, నడినెత్తిన మట్టి దేవదూత. అప్పటికే అతని చేతులను దీవించమని ప్రార్థన కూడా అయిపోయింది. ఇది దేవుడికి కాదు, మా ఆవిడకని అక్కడ చేరిన ఆడవాళ్లందరి ముందూ ఎలా చెబుతాడు? నసిగాడు. పున్నయ్య దాన్ని వినయం అనుకుని గోడల అలంకరణ కూడా అప్పగించాడు. వద్దు మొర్రో అంటే తోరణాలు కూడా ఇచ్చాడు.

స్టేషనులో ఎవరూ కనపడక ఇంజినీరుగారు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, పొరుగువాళ్లు చెబితే చర్చికే వచ్చారు. పాక చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డి తొలగించి, ఈనెలను వేలితో నొక్కి చూశారు.

"ఈ దేవదూత బరువెంతండీ?"

"వీశెడుంటాడండి," అన్నాడు పున్నయ్య.

"పడమటి చూరు ఇంత కిందికి దింపావేమయ్యా, దైవాధీనం?"

దైవాధీనం గొర్రెల వంక చూశాడు. చర్చంతా వింటోంది.

"సాయంత్రం బండికి మా ఆవిడ అక్కడే నిలబడుతుందండి. ఎండ మొహాన కొడుతుంది."

ఆనందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదేళ్ల కాపురంలో నలుగురి ముందు ఆయన తన గురించి అన్న మొదటి మాట అది. నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పున్నయ్య దేవదూతను దింపబోతే ఇంజినీరుగారే వారించారు. పండుగ వెళ్లేదాకా మోయనిమ్మన్నారు.

పందిరి మోసింది. జనవరిలో కాగితం వచ్చింది: "గొర్రెలు, దేవదూత మినహా మంజూరు."