ఉప్పలగుప్తం దురద

జయమ్మగారి కొడుకు రాసిన పేపరు చూడందే నూట పదకొండు దేశాల్లో డాక్టర్లు మందుచీటీ రాయడం లేదని పక్కింటి వెంకటరమణమ్మ పాలకేంద్రం దగ్గర చెప్పిందట. ఆ మాట మధ్యాహ్నానికల్లా రావులపాలెం అరటి మార్కెట్‌కి చేరిందట.

ఆ కొడుకు డాక్టర్ ప్రవీణ్ కుమార్. అమలాపురం అవతల ఒక మెడికల్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్. ఎప్పుడో తన సొంతూరు ఉప్పలగుప్తం రొయ్యల చెరువుల మీద పనివాళ్లను ప్రశ్నలడిగి, వాళ్ల కాళ్ల దురద మీద ఒక వ్యాసం అచ్చువేయించాడు. ఏది అడిగినా అందరూ "ఆయ్" అన్నారు. అంటే అవునని. నూటికి నూరు మందికీ దురదేనని రాసేశాడు. ఇతర డాక్టర్లు తమ రాతల్లో ఆ వ్యాసం పేరెత్తితే సైటేషన్ అంటారు. అవి ఉంటేనే ప్రొఫెసర్ పదవి. ఏళ్లపాటు దాని పేరెత్తినవాడు ప్రవీణ్ ఒక్కడే. ఈ ఏడు మాత్రం ఏం గాలి మళ్లిందో, లెక్క ఒక్కసారిగా నూట పదకొండుకు ఎగబాకింది. ఎందుకో అని అతను తరచి చూడలేదు. వచ్చే భాగ్యాన్ని ఎవరు నిలదీస్తారు?

సోమవారం ఆ పదవికి ఇంటర్వ్యూ. పెసరట్టు తిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాలని అతని ఏర్పాటు. అట్టు వచ్చేలోగా, కమిటీ అడిగితే చెప్పడానికి ఒకటి రెండు పేర్లుంటాయని తన వ్యాసం పేరెత్తినవాటిల్లో ఒకదాన్ని ఫోన్‌లో తెరిచాడు. "రోగిని ఎలా అడగకూడదో తెలియాలంటే ఉప్పలగుప్తం అధ్యయనం చూడండి" అని ఉంది. రెండోది తెరిచాడు. "ఉప్పలగుప్తం తరహా పొరపాటు" అని ఉంది. ఇంకొన్ని చూసేసరికి, దురద సంగతేమో గాని తన ఊరే ఒక జబ్బు పేరైపోయిందని అర్థమైంది. అట్టు చల్లారిపోయింది.

ప్రిన్సిపాల్ సత్యదుర్గారావుకు ఫోన్ చేశాడు. "నా పేరు తీసెయ్యండి సార్. నేను తగనండి."

"అంత పేరొచ్చినా ఎంత అణకువండీ బాబూ! మీరు రాకండి. కమిటీనే మీ ఇంటికి తీసుకొచ్చేస్తాను. వాళ్లకీ కొబ్బరితోటలు చూడాలనుందట."

"అమ్మా, కమిటీ ఇంటికే వస్తోందట. ఎవరికీ చెప్పకు" అన్నాడు ప్రవీణ్, ఏడుపొక్కటే తక్కువగా. గోడవతల వెంకటరమణమ్మ బట్టలారేస్తోంది. ఇంకేముంది, జయమ్మ వెళ్లే చర్చి కుర్రాళ్లు వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేశారు. "ప్రపంచ దురద విజేతకు అభినందనలు". అతని ఫోటో పక్కన రొయ్య బొమ్మ, అతని కన్నా పెద్దది. జయమ్మ ఇంకో అడుగు ముందుకేసి, అప్పట్లో మొదట జవాబు చెప్పిన సూరిబాబును చెరువుగట్టు మీంచి రప్పించింది.

"అతనెందుకే అమ్మా?"

"చర్చిలో స్వస్థత పొందినోళ్లు సాక్ష్యం చెప్పరేంట్రా? నీ మందుతో బాగుపడ్డాడు కదా."

"నేను మందివ్వలేదే! అడిగానంతే!"

"అడిగితేనే తగ్గిపోయిందా? అయితే అదీ చెప్పిద్దాం."

కారు వచ్చేసింది. దండలు పడ్డాయి, కొబ్బరి బొండాలు కొట్టారు. కమిటీలో అందరూ నూట పదకొండు అన్న అంకెను మెచ్చుకున్నారు. విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టర్ సత్యశ్రీ మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ సూరిబాబు ఎవరని జయమ్మను అడిగింది. ఆ వ్యాసం చదివొచ్చింది ఆవిడ ఒక్కతే. ఆవిడ సూరిబాబు వైపు తిరిగేసరికి ప్రవీణ్‌కు చిన్న ఆశ పుట్టింది. తన కొంప ముంచిన ఆ "ఆయ్" ఒక్కటే ఇప్పుడు తనను గట్టెక్కించాలి.

"సూరిబాబుగారూ, అప్పట్లో మీ కాళ్లు దురదపెట్టేవా?"

"ఆయ్."

ప్రవీణ్ ఊపిరి పీల్చుకున్నాడు.

"రాత్రిళ్లు నిద్ర కూడా పట్టేది కాదా?"

"ఆయ్."

"అసలు మీకెప్పుడూ దురదే రాలేదు కదా?"

"ఆయ్ అండి."

ప్రిన్సిపాల్ నోట్లో బొండాం స్ట్రా అలాగే ఉండిపోయింది. చేతిలో శాలువా ఎవరికి కప్పాలో తెలియక జయమ్మ తన భుజానే వేసుకుంది.

"మరి నాతో ఉందని ఎందుకు చెప్పేవు సూరిబాబూ?" అన్నాడు ప్రవీణ్.

"అంత చదువుకున్నోరు ఎండనపడొచ్చి అడిగితే, లేదని ఎలా పంపించేత్తామండి? ఈ మేడంగారికీ అలాగే అన్నాను కదండి."