వంకర నల్లాకు హంసల తెర

మెదక్ పట్టణంలో ఒక తరం జనం మెడలన్నీ సరిచేసింది జయానందమే. చర్చి రోడ్డులో ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిచూపుల ఫొటో కానీ, హాల్‌టికెట్ ఫొటో కానీ, ఆయన స్వయంగా వచ్చి గడ్డం పట్టుకుని తల నిలబెట్టందే కెమెరా పలికేది కాదు. పాపన్నపేట నుంచి బస్సెక్కి వచ్చిన పెళ్లికొడుకులు ఫొటోతో పాటు మెడనొప్పి కూడా పట్టుకుపోయేవారు.

అలాంటి మనిషి ఇంట్లో, కొత్తగా కట్టించిన బాత్రూంలో, నల్లా వంకరగా కూర్చుంది.

పైన షవర్ నిటారు. పక్కన గీజర్ నిటారు. మధ్యలో ఈ నల్లా ఒక్కటి అలిగిన కొత్తకోడలిలా ఎడమ మూలకు మొహం తిప్పుకుంది. కింద పెట్టిన బకెట్‌ను అది లెక్కచేయడం లేదు.

ఈ బాత్రూం కోసం ఆయన భార్య మార్తమ్మ పెళ్లయిన నాటి నుంచీ అడుగుతోంది. అంతకుముందు వాళ్లది పెరట్లో షాబాద్ బండ, రేకు తలుపు, కట్టెల పొయ్యి మీద రాగి గుండిగ. రేకు తలుపుకు గొళ్లెం నిలిచేది కాదు. లోపల మనిషి ఉన్నట్టు తెలియాలంటే పాట పాడాలి. అందుకే ఆ ఇంట్లో అందరికీ కీర్తనలు చరణాలతో సహా నోటికి వచ్చేశాయి. చలికాలం స్నానాలకు చరణాలు తక్కువ.

ఇన్నేళ్లకు మార్తమ్మ కోరిక తీరింది. ఆదివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన, చర్చి మహిళా సమాజం మొత్తానికీ పిలుపు. ఆ సమాజానికి కార్యదర్శి ఎక్స్‌రే రోజీ. దవాఖానాలో ఎక్స్‌రేల గదిలో పనిచేసి రిటైరైంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఆమె చూపు తగిలిన వాళ్లు మాత్రం ఇంకో కారణం చెప్తారు.

ఆ చూపు నల్లా మీద పడితే మార్తమ్మ తలెత్తుకోలేదు. దగ్గరుండి చేయిస్తానని మాటిచ్చి, తీరా నల్లా బిగించే పూట అరుగు మీద కునుకు తీసింది జయానందమే. ఆయనకు అన్నం సయించలేదు. ప్లంబర్ ఎల్లంకు ఫోన్ చేశాడు. ఏ లీకైనా తెల్ల టేపు చుట్టి వదిలేస్తాడని అతన్ని ఊళ్లో టేపు ఎల్లం అంటారు.

"ఎల్లం, నల్లా వంకరున్నదయ్యా."

"వంకరేం కాదు సార్, గది గట్లనే ఉండాలె."

"గట్లనే ఎట్లుంటది? వచ్చి ఇంకో చుట్టు తిప్పు."

"తిప్పితే నా పనిపోతది సార్. నేను మనోహరాబాద్‌ల ఉన్న, సిగ్నల్ వస్తలేదు" అని స్పష్టంగా వినిపించేలా చెప్పి పెట్టేశాడు ఎల్లం.

ఇక తనే పాన పట్టుకుని బాత్రూంలోకి దూరాడు జయానందం. వెనకే మార్తమ్మ ప్రత్యక్షమైంది.

"ఏం చేస్తున్నరు?"

"నల్లాను చూస్తున్న."

"చూసుడుకు పాన ఎందుకు?"

"కండ్లద్దాలు దొరకలె."

పాన మార్తమ్మ చేతిలోకి పోయింది. మరునాడు ఆయన నల్లా మీద తువ్వాల వేశాడు. ఆమె ఉతకడానికి తీసుకుపోయింది. ఆ తర్వాత దాని చుట్టూ ప్లాస్టిక్ పూలు కట్టాడు.

"ఎవరి సమాధి ఇది?" అంది మార్తమ్మ. పూలూ పోయాయి.

శనివారం నాడు జయానందం సజ్జ మీద నుంచి ఒక పొడవాటి చుట్ట దింపాడు. అది స్టూడియో తెర. నీలిరంగు చెరువు, పాలరాతి మెట్లు, మెడలు వంచిన రెండు హంసలు. ఫోన్లలో కెమెరాలు వచ్చి స్టూడియో మూతపడ్డాక దాన్ని విప్పింది లేదు. బాత్రూం గోడకు అడ్డంగా తాడు కట్టి వేలాడదీశాడు. నల్లా హంసల వెనక మాయమైంది.

"ఇదేంది?" అంది మార్తమ్మ.

"డెకరేషన్."

"స్నానం చేసే కాడ డెకరేషన్ ఎవలకు?"

"మీ సమాజపోళ్లు మురవాలె కదా."

ఆమె తెర వంక చూసింది, ఆయన వంక చూసింది, పెదాలు బిగబట్టుకుని వెళ్లిపోయింది. నెగెటివ్‌లో కూడా నవ్వును పట్టుకునే మనిషి, ఆ నవ్వును పట్టుకోలేకపోయాడు.

ఆదివారం ప్రార్థన అయింది. పాటలయ్యాయి, చాయ్ అయింది. తెల్లచీరల్లో ఉన్న సమాజమంతా లేచి నిలబడింది.

"ఇగ బాత్రూం చూపియ్యి మార్తమ్మా" అంది ఎక్స్‌రే రోజీ.

తలుపు తీసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక నుంచి జయానందం మునివేళ్ల మీద లేచి తొంగిచూశాడు.

"అయ్యో, మన హంసలు" అంది రోజీ. ఆ గొంతు అంత మెత్తగా ఉంటుందని సమాజంలో ఎవరికీ తెలియదు.

అంతే, అందరూ లోపలికి తోసుకొచ్చారు. నా పెండ్లి ఫొటో గీ మెట్ల కాడనే దిగిన, అంది ఒకామె. చిన్నప్పుడు నేను ఏడుస్తుంటే జయానందమన్న బిస్కెట్ ఇచ్చిండు, అంది ఇంకొకామె. రోజీ మాత్రం తెరను వేలితో తాకి చూసింది. "మా అమ్మతోని నేను దిగిన ఫొటో ఒక్కటే. గిదాని ముందటనే" అంది.

ఆ చిన్న స్టూడియో, పౌడర్ వాసన, గోడకు వేలాడే దువ్వెన, టై లేని వాళ్ల కోసం ఉంచిన ఒకే ఒక్క టై, అన్నీ జయానందం కళ్ల ముందు నిలిచాయి. నల్లా సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

"అన్నా, మాకొక ఫొటో తియ్యిండ్రి" అంది రోజీ.

ఫోన్ పట్టుకోగానే ఆయనలోని ఫొటోగ్రాఫర్ లేచి కూర్చున్నాడు. "గడ్డం పైకి. ఎవరూ నవ్వకుండ్రి. రోజమ్మా, జర ఎనకకు. ఇంక జర. ఇంకొంచెం."

రోజీ వీపు తెర వెనకున్న షవర్ పిడికి తగిలింది.

నీళ్లు సమాజం మీదా, హంసల మీదా సమానంగా పడ్డాయి. పాత రంగు కరిగింది. చెరువు చెరువంతా తెల్లచీరల మీదికి దిగింది. తలుపేమో లోపలికి తెరుచుకునేది, తోపులాటలో మూసుకుపోయింది; దానికి ఆనుకుని నలుగురు నిలబడటంతో ఎవరూ బయటికి రాలేకపోయారు. ఎవరో తాడు పట్టుకుని లాగారు. తెర కూలింది.

వెనక, తళతళలాడుతూ, ఎడమ మూలకు చూస్తూ నల్లా.

మార్తమ్మ షవర్ కట్టేసింది. నీలంగా మారిన రోజీ కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది.

"మార్తమ్మా, నీ నల్లా వంకరున్నది."

"తప్పు నాదే రోజమ్మా" అన్నాడు జయానందం. "నేనే దగ్గరుండి చూస్కోలె. మార్తను ఏమనకుండ్రి. ఎన్నేండ్ల నుంచో ఆశపడ్డది పాపం."

"వంకరేంది?" అంది మార్తమ్మ. "దాన్ని నేనే తిప్పిచ్చిన. ఈయనకు మోకాలు వంగది. గోడకు ఆనుకునేటట్టు మూలకు పీట ఏసిన. నల్లా నిటారుంటే బకెట్ అవతలుండి, చెంబు చెంబుకు వంగాలె. పీట పక్కకే నీళ్లు పడేటట్టు పెట్టుమని ఎల్లంకు చెప్పిన."

జయానందం పీటను చూశాడు, నల్లాను చూశాడు.

"నాకు చెప్పొచ్చు కదనే" అన్నాడు జయానందం.

"చెప్తే మీరుండనిస్తరా? మోకాలు పోయినా సరే, మీకు నల్లా నిటారుండాలె."

"మరి ఇన్ని దినాలు నేను పరేషాన్ అయితుంటే చూసుకుంట కూసున్నవా?"

"మస్తు మంచిగుండె" అంది మార్తమ్మ. ముందుగా నవ్వింది రోజీయే.

మరునాడు పొద్దున జయానందం పీట మీద కూర్చుని నల్లా తిప్పాడు. నీళ్లు ఆయన మోకాలి పక్కనున్న బకెట్లో పడ్డాయి. చెంబు ముంచాడు. వంగనక్కరలేదు. కొత్త బాత్రూంలో స్నానం మొదలుపెట్టిన నాటి నుంచీ నల్లాను గుర్రుగా చూస్తూనే స్నానం చేశాడు కానీ, ఒక్కరోజూ అబ్బా అనలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. కాసేపు ఊరికే నీళ్లలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"నల్లా మంచిగున్నది మార్తా" అన్నాడు మెల్లగా.

"ఏందీ?" అంది మార్తమ్మ తలుపవతల నుంచి.

"నల్లా మంచిగున్నది అంటున్న."

"జర గట్టిగ చెప్పుండ్రి. రోజమ్మ వచ్చి కూసున్నది."