జరీ అంచు మీద మంచుపక్షులు

ఆ రోజు జాకీర్ పెట్టుకున్న పనులు రెండే. పొద్దున హంస డిజైన్‌ను గళ్ల కాగితం మీద అచ్చు తీసి తిమ్మప్ప చేతిలో పెట్టడం, మధ్యాహ్నం భార్య సమీనాను వెంటబెట్టుకొని పెనుకొండ దర్గాలో గంధం ఉత్సవానికి పోవడం. సమీనా చీకటితోనే లేచి వంట ముగించి, టిఫిన్ క్యారియర్ సర్ది, గడప దగ్గర ఇద్దరి చెప్పులూ వీధివైపు తిప్పి పెట్టింది.

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసి ఇచ్చేవాళ్లలో జాకీర్ ఒకడు. అతని నాయన కాలేసాబ్ పెన్సిలుతో గీసేవాడు. జాకీర్ కంప్యూటర్ కొన్నాడు. అతను అచ్చు తీసి ఇచ్చిన కాగితంలో నల్లగా నింపిన గళ్లను చూసి తిమ్మప్ప అట్టలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టలు మగ్గం ఎక్కితే, కాగితం మీద ఉన్నది చీర అంచు మీదికి వస్తుంది. కాగితం మీద ఏముంటే అదే వస్తుంది.

ఈసారి రావలసింది రొద్దంలో ఓబుళప్ప అనే పెద్ద రైతు కూతురి పెళ్లిచీర. మిరపపండు ఎరుపు చీర, జానెడు జరీ అంచు, ఆ జరీ మీద నేరేడుపండు రంగు హంసలు బారులు తీరాలి. చీర నేయిస్తున్నది నాగేంద్రమ్మ. ఆ వీధిలో సగం మగ్గాలు ఆమెవే. జాకీర్ ఇంట్లో పొయ్యి వెలిగేదీ ఆమె ఇచ్చే పనితోనే. ఆమె ఒకసారి ఒక మనిషిని వద్దనుకుంటే, ఊళ్లో మిగతా షావుకార్లు కూడా అతన్ని వద్దనుకునేవారు. కారణం అడిగేవాళ్లు కాదు.

టీ తాగి జాకీర్ కంప్యూటర్ ఆన్ చేశాడు. తెర నీలంగా మారి, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ అవే అక్షరాలు. బేకరీ ముందున్న కాయిన్ బాక్స్‌కు పోయి హిందూపురానికి ఫోన్ చేశాడు. అక్కడ సమీనా తమ్ముడు షాకిర్ నెట్ సెంటర్ నడుపుతున్నాడు. వైరస్ తగిలిందని షాకిర్ వినగానే చెప్పేశాడు. పోయిన రంజానుకు వచ్చినప్పుడు తాను ఇచ్చిపోయిన లినక్స్ అనే కొత్త సిస్టం సీడీ వేసుకోమన్నాడు. దానికి వైరస్‌ల బాధ ఉండదన్నాడు.

"దుడ్లెంత అయితాయి?" అని అడిగాడు జాకీర్.

"ఊరికేనే బావా. లోకంలో శానామంది కలిసి రాసి ఊరికే ఇస్తాండారు. సీడీ ఏసి, అది అడిగినదానికంతా ఎస్ కొట్టుకుంటా పో."

అంతమంది కలిసి రాసి ఊరికే ఎందుకిస్తున్నారో జాకీర్‌కు అంతుబట్టలేదు. అయినా ఆ పూట అతనికి కావలసింది హంస. ఇంటికి వచ్చి సీడీ వేశాడు. కంప్యూటర్ ఇంగ్లీషులో ఒకటి తర్వాత ఒకటి ప్రశ్నలు అడిగింది. జాకీర్ అన్నింటికీ ఎస్ కొట్టాడు. ఒకచోట అది ఎరుపు గుర్తు చూపించి అదే ప్రశ్న రెండోసారి కూడా అడిగింది. ఎంత మర్యాదగల సిస్టమో అనుకొని దానికీ ఎస్ కొట్టాడు.

కొంతసేపటికి తెర చక్కగా వెలిగింది. మధ్యలో నల్లటి వీపు, తెల్లటి బొజ్జ, పసుపుపచ్చ కాళ్లతో ఒక లావుపాటి పక్షి కూర్చొని ఉంది. ఆ పక్షి తప్ప కంప్యూటర్‌లో ఇంకేమీ లేదు. హంసలు లేవు. నెమళ్లు, మామిడిపిందెలు, రుద్రాక్షలు, కాలేసాబ్ గీసిన పాత ఏనుగుల బారు, ఏవీ లేవు. జాకీర్ మళ్లీ కాయిన్ బాక్స్‌కు పోయాడు.

"నా హంసలు యాడ పోయినాయి?"

"డిస్కంతా తుడిచేయమంటావా అని అడిగింటాది కదా బావా. దానికి గూడా ఎస్ కొట్టినావా?"

"అన్నింటికీ కొట్టమంటివి."

"అన్నింటికీ అంటే అన్నింటికీ అని కాదు బావా."

ఆ మాటకు అర్థం కనుక్కునే ఓపిక జాకీర్‌కు లేదు. పోయినవాటి కోసం ఏడవడానికి తర్వాత తీరిక దొరుకుతుంది, ఇప్పుడు హంసను మళ్లీ గీసుకోవాలి. అయితే గీసినాక అచ్చు రాకపోతే శ్రమంతా దండగ అవుతుంది కాబట్టి ముందు ప్రింటర్ పనిచేస్తుందో లేదో చూడాలనుకున్నాడు. చేతికి అందుబాటులో ఉన్న బొమ్మ ఆ లావుపక్షి ఒక్కటే. దాన్ని అంచు వెడల్పుకు కుదించి, గళ్లు పరిచి, ప్రింటర్‌కు పంపాడు. ప్రింటర్ కదల్లేదు. అప్పటికి తిమ్మప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇదిగో అయిపోయిందన్నా అని అతనికి చెప్పి జాకీర్ మళ్లీ బేకరీ వైపు నడిచాడు.

ఈసారి షాకిర్ కంప్యూటర్ తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరవాలన్నాడు. అందులో ఏమేం కొట్టాలో వరుసగా చెప్తానన్నాడు.

"ముందు సుడో, బావా."

"ఈడ సూడ్డానికేముండాది? కాయిన్ బాక్స్ కాడ ఉండా. నువ్వు చెప్పు, ఇంటికి పోయి సూస్తా."

"సూడమని కాదు, సుడో."

"సూస్తా అంటాండా కదబ్బా."

వెనక లైన్లో నిలబడినవాళ్లు కూడా అటూ ఇటూ చూశారు. చివరికి షాకిర్ ఆ ఇంగ్లీషు మాటను ఒక్కొక్క అక్షరమే చెబితే జాకీర్ బన్ను చుట్టిన కాగితం మీద రాసుకున్నాడు. ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు కొట్టాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. జాకీర్ పాస్‌వర్డ్ కొడితే తెర మీద ఒక్క అక్షరం కూడా పడలేదు. గట్టిగా కొట్టాడు. అప్పుడూ పడలేదు. కీబోర్డు చెడిపోయిందని నిర్ణయించుకొని, రైల్వే స్టేషన్ దగ్గర కంప్యూటర్ క్లాసులు నడిపేవాళ్లను బతిమాలి ఇంకో కీబోర్డు తెచ్చాడు. ఆ కీబోర్డు కూడా అదే తీరున చెడిపోయి ఉంది.

"పాస్‌వర్డు కొడితే కనపడదు బావా," అన్నాడు షాకిర్ ఫోన్లో. "పక్కనోళ్లు సూడకుండా అట్ల పెట్టింటారు."

"నా పక్కన ఎవురూ లేరు."

"ఉంటేనో?"

"లేరంటాండా కదా. మీ యక్క వంటింట్లో ఉండాది."

కనపడని పాస్‌వర్డు కొట్టాక కంప్యూటర్ నాలుగైదు వరుసలు ఏదో చెప్పి ఊరుకుంది. ప్రింటర్ మాత్రం కదల్లేదు. దాని సంగతి తర్వాత చూద్దామని జాకీర్ హంసను గీయడానికి కూర్చున్నాడు. కొత్త సిస్టంలో కుంచె ఎక్కడుందో తెలియదు, గళ్లు ఎక్కడున్నాయో తెలియదు. మెడ ఒకసారి బాతు మెడ అయింది, ఒకసారి పాము అయింది. పెనుకొండ పోయే మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. సమీనా టిఫిన్ క్యారియర్ విప్పి, అతనికి ఒక ప్లేటూ అరుగు మీది తిమ్మప్పకు ఒక ప్లేటూ వడ్డించి, విసురుగా మూత పెట్టింది.

పొద్దు వాలి అసర్ నమాజు వేళయ్యేసరికి హంస కుదిరింది. జాకీర్ దాన్ని ప్రింటర్‌కు పంపాడు. రాలేదు. మళ్లీ పంపాడు. ఇంకోసారి కూడా పంపాడేమో, అతనికే గుర్తులేదు. బన్ను కాగితం జేబులో పెట్టుకొని బేకరీకి పరుగు తీశాడు.

అతను కాయిన్ బాక్స్ దగ్గర తన వంతు కోసం నిలబడి ఉండగా వీధిలో కరెంటు పోయి, రెండు నిమిషాల్లో మళ్లీ వచ్చింది. కంప్యూటర్‌కు బ్యాటరీ పెట్టె ఉంది కాబట్టి అది ఆగలేదు. ప్రింటర్‌కు లేదు కాబట్టి ఆరిపోయి మళ్లీ వెలిగింది. వెలగగానే, పొద్దుటి నుంచి తనకు అందిన కాగితాలన్నీ వచ్చిన వరుసలోనే తీయడం మొదలుపెట్టింది.

"తిమ్మప్పన్నా, కాగితం వస్తాండాది," అని సమీనా లోపలి నుంచి కేకేసింది. మొదట వచ్చిన కాగితాన్ని చూడకుండానే మడిచి అతని చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి కూర్చొని నడుం పట్టేసిన తిమ్మప్ప దాన్ని చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

జాకీర్ తిరిగివచ్చేసరికి ప్రింటర్ పళ్లెంలో హంసలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తిమ్మప్పకు ఇచ్చేశానంది సమీనా. జాకీర్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. సాయంత్రం బస్సుకు ఇద్దరూ పెనుకొండ పోయి గంధం చూసి వచ్చారు.

తర్వాత మూడు వారాలు జాకీర్ చాలా సంతోషంగా ఉన్నాడు. పోయిన నెమళ్లనూ మామిడిపిందెలనూ తీరిగ్గా మళ్లీ గీసుకున్నాడు. టీ అంగడి దగ్గర కనిపించినవాళ్లకల్లా, ఊరికే వచ్చే సిస్టం ఒకటుందని, దానికి జబ్బు చేయదని, కాకపోతే కొంచెం ఓపిక కావాలని చెప్పేవాడు. ఇద్దరు ముగ్గురు చీటీ మీద దాని పేరు కూడా రాయించుకున్నారు.

పెళ్లి ఎల్లుండి అనగా నాగేంద్రమ్మ దగ్గరి నుంచి పిలుపు వచ్చింది. జాకీర్ పోయేసరికి చాప మీద చీర పరిచి ఉంది. మిరపపండు ఎరుపు కళకళలాడుతోంది. జానెడు జరీ అంచు మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నేరేడుపండు రంగు వీపులతో, బంగారు బొజ్జలతో, బంగారు ముక్కులతో లావుపక్షులు బారులు తీరి కూర్చొని ఉన్నాయి. నేత చాలా బాగా కుదిరింది.

"ఏందప్పా ఇది?" అంది నాగేంద్రమ్మ.

"పక్షి అక్కా."

"పక్షి అని నాకూ తెలుస్తాండాది. ఏం పక్షి?"

"మంచు దేశంలో ఉంటాదక్కా."

"రొద్దంలో మంచు యాడుండాది?"

నాగేంద్రమ్మ అప్పటికే అందరినీ అడిగింది. గళ్లు లెక్కపెట్టి రంధ్రాలు కొట్టడం తన పని, ఆ గళ్లలో ఎవరున్నారో చూడటం తన పని కాదన్నాడు తిమ్మప్ప. ఆ మగ్గం మీద చీర ముఖం కిందివైపు ఉంటుంది. నేసినాయన ఒకసారి వంగి అడుగున చూశాడట. పెద్దవాళ్ల పెళ్లి కదా, ఏదో కొత్త ఫ్యాషన్ అయి ఉంటుందని లేచి మళ్లీ నేశాడట.

ఇంకో చీర నేయడానికి వ్యవధి లేదు. హంసల చీర ఇంకెక్కడైనా కొనడానికి ఓబుళప్ప ఒప్పుకోడు. నాగేంద్రమ్మ చీర మడిచి సంచిలో పెట్టి, నువ్వే వచ్చి ఆయనకు చెప్పు అంది. ఇద్దరూ రొద్దం బస్సెక్కారు. ఓబుళప్ప ముందు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని జాకీర్ ఆలోచించాడు. వైరస్ నుంచి మొదలుపెడితే నలుగురు కూర్చున్న పెళ్లింట్లో జబ్బుల మాట అవుతుంది. కరెంటు నుంచి మొదలుపెడితే పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. అన్నీ విడిచిపెట్టి, నాదే తప్పు సామీ అని కాళ్ల మీద పడటమే సులువుగా తోచింది.

ఓబుళప్ప ఇంటి నట్టింట్లో పది మంది కూర్చొని ఉన్నారు. ఏవో మాట్లాడుకోవడానికి పెనుకొండ నుంచి పెళ్లికొడుకు నాయన కూడా ఆ పొద్దే వచ్చాడు. జాకీర్ నోరు తెరిచేలోపలే ఆయన చెయ్యి చాచి చీర అందుకొని ఒళ్లో పరుచుకున్నాడు. అంచు కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాడు. నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓబుళప్ప మెడ సాచి అంచు చూసి, చూపు జాకీర్ మీదికి తిప్పాడు. జాకీర్ కాళ్ల మీద పడటానికి వంగాడు.

"నల్లకోట్లు," అన్నాడు పెళ్లికొడుకు నాయన మెల్లగా. "నల్లకోటు, లోపల తెల్లచొక్కాకు బదులు బంగారు చొక్కా. మావాణ్ణి అంచు పొడుగునా నిలబెట్టినారు కదప్పా."

పెళ్లికొడుకు పెనుకొండ కోర్టులో వకీలు. ఆ సంగతి జాకీర్‌కు అప్పుడే తెలిసింది.

"బొజ్జ గూడా మావానిదే," అన్నాడాయన. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు పోతున్నానని, మగపెళ్లివారిని ఇంతగా గౌరవించిన వియ్యంకుణ్ణి ఎక్కడా చూడలేదని కూర్చున్నవాళ్లందరికీ చెప్పాడు.

ఓబుళప్ప ఆలోచన తొందరగా చేయగలిగిన మనిషి. "అల్లుడంటే మాకు అంత ఇదిలేబ్బా," అన్నాడు. దానికి ఎంత కష్టపడవలసి వచ్చిందో నాగేంద్రమ్మ చెప్పసాగింది. హంసలు వేయడానికి ఎవరైనా వేస్తారని, ఈ కోట్లు కుదరడానికి ఈ అబ్బాయి నిద్రాహారాలు మానుకున్నాడని అంది. సగం వంగిన జాకీర్‌ను అందరూ వినయవంతుడనుకున్నారు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు.

మజ్జిగ గ్లాసు తెచ్చింది పెళ్లికూతురు మాధవి. ఆ పిల్ల హిందూపురంలో కంప్యూటర్లు చదివింది. గ్లాసు అందిస్తూ, ఇంకెవరికీ వినపడకుండా, "ఇది లినక్స్ గుర్తు కదన్నా? ప్రింటర్ యాడ ఇరుక్కునె?" అని అడిగింది.

జాకీర్ గ్లాసులోకి చూస్తూ, "కరెంటు పోయింది తల్లీ," అన్నాడు.

"పోనీలే. హంసలంటే నాకెట్లాగూ విసుగే," అని ఆమె నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయింది.

పెళ్లికి పెనుకొండ కోర్టులో వకీళ్లందరూ భార్యలతో వచ్చారు. తాళి కట్టేటప్పుడు కూడా ఆడవాళ్ల చూపంతా అంచు మీదే ఉంది. వారం తిరక్కముందే నాగేంద్రమ్మ మగ్గాల్లో చాలామటుకు నల్లకోట్ల మీదికి మళ్లాయి. ఒకావిడ తన భర్త సన్నగా ఉంటాడని, బొజ్జ తగ్గించమని కోరింది. సీనియర్ వకీలు భార్య మాత్రం తమ అంచులో మిగతావాళ్లకన్నా పెద్ద పక్షి ఉండాలంది.

పరాయి బొమ్మ వాడుకున్నందుకు ఎవరైనా కేసు పెడతారేమోనని జాకీర్‌కు భయం పట్టుకుంది. షాకిర్‌కు ఫోన్ చేసి అడిగాడు. ఎవరు వాడుకున్నా ఊరికేనేనన్నాడు షాకిర్. జాకీర్ మనసు అప్పటికీ కుదుటపడకపోతే సమీనా ఆలోచించి, కేసు వేయాల్సినవాళ్ల పెండ్లాలంతా ఆ చీరలు కట్టుకొని తిరుగుతుంటే ఇంక వేసేదెవరని అడిగింది. అప్పుడు నిమ్మళించాడు.

నాగేంద్రమ్మ మొదటిసారి అతని ఇంటికి వచ్చి కంప్యూటర్ ముందు కుర్చీ వేయించుకొని కూర్చుంది. ఆ సిస్టంను ఎవరూ ముట్టుకోగూడదని, ప్రింటర్‌ను బాగుచేయించగూడదని చెప్పింది. పైనెల అమరాపురంలో ఒక ఎస్సై పెళ్లి కుదిరిందట. పట్టుదారానికి ఖాకీ రంగు ఎవరు వేస్తారో కనుక్కోవడానికి ఆమె అప్పటికే మనిషిని పంపింది.