సత్యమూర్తి సాహబ్ పైకి లేపిన గీత

బస్తర్ ఇక వెనకబడి లేదని సత్యమూర్తి సాహబ్ పోయిన వేసవిలో బీజాపూర్ సంత రోజున మైకులో ప్రకటించారు. ముందు రోజు దాకా వెనకబడే ఉంది. ఆ పొద్దున జిల్లాలో 'రుఝాన్ ప్రకోష్ఠ్' తెరిచారు కాబట్టి ఇక లేదు. రుఝాన్ ప్రకోష్ఠ్ అంటే మన భాషలో ట్రెండ్స్ సెల్. ఎలక్ట్రానిక్స్ అమ్ముకు తిరిగే మాలాంటి సేల్స్ రెప్‌లకి మార్కెట్‌లో ఏది నడుస్తోందో, ఏది నడవబోతోందో రోజూ వార్త అందించడం దాని పని. దానికి అధికారీ ఆయనే, సిబ్బందీ ఆయనే.

నా పేరు నాగరాజు. భద్రాచలం నుంచి వచ్చి గీదంలో గది తీసుకుని, ఒక కంపెనీ ఫ్రిజ్‌లూ టీవీలూ అమ్ముతాను. సాహబ్ కిరందుల్ టౌన్‌షిప్‌లో పెరిగిన ఆంధ్రా మనిషి. అందుకని మీటింగులో అందర్నీ హిందీలో తిట్టినా, బయటికొచ్చాక నన్ను మాత్రం తెలుగులో తిట్టేవారు. అంత అభిమానం.

ఆయన బులెటిన్ పొద్దున్నే వాట్సప్‌లో వచ్చేది. ఫ్రిజ్‌లో గుడ్లు అయిపోతే ఫ్రిజ్జే ఫోన్ చేసి చెప్పే రోజులు వచ్చాయనీ, రెప్‌లు సిద్ధంగా ఉండాలనీ మొదటి బులెటిన్‌లో హెచ్చరించారు. ఊసూరు వైపు తిరిగేవాళ్లకి సిగ్నల్ ఉండదు కదా సార్, వాళ్లకి బులెటిన్ ఎట్లా అందుతుందని అడిగాను. ఆయన గడ్డం నిమురుకుంటూ ఆలోచించి, అందనివాళ్లు అందినట్టుగానే భావించాలని రెండో బులెటిన్‌లో ఆదేశించారు. దాంతో ఆ సమస్య తీరిపోయింది.

తర్వాత రెప్‌ల మహా సమ్మేళనం పెట్టారు. షామియానా వచ్చింది, కుర్చీలు వచ్చాయి, రాయపూర్ నుంచి మంత్రీజీ బయల్దేరారు. చూపించడానికి వస్తువు మాత్రం లేదు. సరిగ్గా అప్పుడే, నా ఖర్మ కొద్దీ, నా జీపు ఆ దారిన పోతోంది. జీపులో సోలార్ ఫ్రిజ్ ఉంది, దాని పక్కన నర్సు లక్మే ఉంది.

లక్మేది తర్రెం దాటి అడవి లోపలి ఊరు. అక్కడి చిన్న ఆస్పత్రికి ఆమే డాక్టరూ, ఆమే కాంపౌండరూ. బీజాపూర్ నుంచి ఐస్ డబ్బాలో టీకా మందు తీసుకుపోతే దారిలోనే ఐస్ కరిగిపోయేది. చల్లదనం పోయిన మందు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. ఊళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకి అప్పటికే తట్టు పోసింది. ఆస్పత్రికి మంజూరైన ఈ ఫ్రిజ్ చేరితే మిగతా పిల్లలకైనా టీకా పడుతుందని ఆమె తొందర. దాన్ని పట్టుకుపోవడానికి తానే స్వయంగా బీజాపూర్ దాకా వచ్చింది పాపం.

"ఒక్క పూట అమ్మా. మంత్రీజీ చూసి వెళ్లగానే తీసుకుపోదువు," అన్నారు సాహబ్. దింపించారు. ఫ్రిజ్ తలుపు మీద 'డెమో పీస్' అని ఎర్ర స్టిక్కర్ అంటించారు.

మా లైన్‌లో డెమో స్టిక్కర్ పడ్డ సరుకు కస్టమర్ గడప తొక్కదు. ఊరూరా తిరిగి అందరికీ మొహం చూపించి, చివరికి కంపెనీకి పోతుంది. సర్కారులో ఎన్ని రూల్స్ గాలికి పోయినా, కంపెనీ రూల్ ఒక్కటి మాత్రం సాహబ్‌కి ప్రాణం. ఆ సంగతి చెవిలో చెబితే, రూల్ గుర్తు చేసినందుకు నా భుజం తట్టారు.

మంత్రీజీ వచ్చి ఫ్రిజ్‌కి కట్టిన రిబ్బను కత్తిరించి, తలుపు తీసి, లోపల దీపం వెలగడం చూసి హర్షం వ్యక్తం చేశారు. లక్మేని ముందు వరసలో 'ఎండ్ యూజర్' అనే కుర్చీలో కూర్చోబెట్టాం. మంత్రీజీ ఆమె వైపు తిరిగి, మీ ఊళ్లో ఇప్పుడు ఏ ట్రెండ్ నడుస్తోందని ఆప్యాయంగా అడిగారు. ఆ ప్రశ్న ఆమెకి నేను తెలుగులో చెప్పాను.

"తట్టు నడుస్తుంది సార్," అంది లక్మే.

నేను దాన్ని హిందీలో చెప్పాను. మంత్రీజీ తల ఊపారు. సాహబ్ వెంటనే బోర్డు మీద 'ఎమర్జింగ్ ట్రెండ్' అని రాసి, కింద ఆ ఊరి పేరు రాసి, పైకి ఒక బాణం గీశారు. చప్పట్లు మోగాయి. ఫ్రిజ్‌ని ఇక ఇవ్వడం కుదరదనీ, కొత్తది కావాలంటే ఆ ఊళ్లో డిమాండ్ ఉన్నట్టు డేటా పంపాలనీ సాయంత్రం ఆమెకి చెప్పారు.

పంపింది మహాతల్లి. ప్రతి సంతకీ నడిచీ, జీపెక్కీ బీజాపూర్ వచ్చి, ఆ వారం ఎంతమందికి పోసిందో చెప్పి పోయేది. ఫ్రిజ్ ఆ మధ్యంతా గీదం, దంతెవాడ, జగదల్‌పూర్ తిరిగి దర్శనమిస్తోంది. దాంట్లో సాహబ్ మజ్జిగ ప్యాకెట్లు ఉండేవి.

ఇక్కడ సాహబ్ కష్టం కూడా చెప్పాలి. ప్రకోష్ఠ్ గోడ మీద గ్రాఫ్ వేలాడదీశారు కదా, దాంట్లో టీవీల గీత పడుకుంది. ఫోన్ల గీత పడుకుంది. కూలర్ల గీత వర్షాలు మొదలవగానే నేలలోకి పోయింది. జిల్లా మొత్తం మీద పైకి లేచే గీత లక్మే ఇచ్చినదొక్కటే. రాయపూర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ఆయన దాన్నే చూసుకుని గొంతు పెంచి మాట్లాడేవారు. అది దేని గీత అని అక్కడివాళ్లు అడగలేదు. గ్రోత్ ఉంటే చాలు కదా.

ఒక వారం లక్మే వచ్చి బల్ల ముందు నిలబడి, మాసే కూతురు దక్కలేదని చెప్పింది. మాసే ఆమె పక్కింటి మనిషి. పాపకి జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిందట. బండి కట్టుకుని రోడ్డు దాకా వచ్చేలోపే అయిపోయిందట.

సాహబ్ అయ్యయ్యో అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత గ్రాఫ్ దగ్గరికి వెళ్లి, "అయితే ఆ పాపని ఇందులోంచి తీసెయ్యాలా అమ్మా?" అని అడిగారు. ఆయనే తేల్చుకున్నారు. తీస్తే గీత దిగుతుంది, వచ్చే నెల రాయపూర్‌లో ప్రెజెంటేషన్ ఉంది, కాబట్టి ఉంచేద్దామన్నారు. ఆ రకంగా మాసే కూతురు ప్రకోష్ఠ్ గోడ మీద ఇంకా తట్టుతో బాధపడుతూనే ఉంది. నేను బయటికి పోయి నిలబడ్డాను.

తర్వాత రెండు సంతలకి పిడుగు పడింది. గీత ఒక్కసారిగా కిందికి దిగింది. సాహబ్ నన్ను పిలిపించి, లక్మేని పిలిపించి, ప్రెజెంటేషన్ ముందర ఇట్లా చేస్తే ఎట్లా అని నిలదీశారు.

"ఏంది లక్మే ఇది? పోయిన వారం దాకా బాగానే ఉంది కదా. ఎందుకు పడిపోయింది?"

"రావాల్సినోళ్లందరికీ వచ్చేసింది సార్. ఇగ మా ఊళ్లె మిగిలిన పిల్లల్లేరు."

సాహబ్ మొహం మెల్లమెల్లగా వెలిగింది. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, నర్సు లక్మేకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

"పిచ్చిదానా, దీన్ని పడిపోవడం అనరు, సాచురేషన్ అంటారు. ఉన్న ప్రతి ఒక్కరికీ చేరిపోయాక గీత పడక ఏం చేస్తుంది? నాగరాజూ, ఒక్క ఊళ్లో ఒక్క ఇల్లు కూడా వదలకుండా కవరేజ్ సాధించిన రెప్‌ని నీ సర్వీసులో చూశావా?"

లేదన్నాను.

రాయపూర్‌లో ప్రెజెంటేషన్ అదిరిపోయిందట. పూర్తి కవరేజ్ సాధించిన మొదటి ఊరికి బహుమతి ఇవ్వాలని మంత్రీజీయే సలహా ఇచ్చారట. ఏమివ్వాలా అని పైవాళ్లు తర్జనభర్జన పడి, ఫ్రిజ్ అని తేల్చారు. కంపెనీకి ఒక్క ఫోన్ పోయింది, రూల్ పక్కకి తప్పుకుంది. సాహబ్ స్వయంగా గోరుతో స్టిక్కర్ గీకి, ఫ్రిజ్‌కి ఇంత లావు బంతిపూల దండ వేసి, నా జీపుకి పచ్చజెండా ఊపారు. ఫొటో తీసి తీరాలని ఒక ఫొటోగ్రాఫర్‌ని కూడా ఎక్కించారు. దారి పొడవునా లక్మే ఆ ఫ్రిజ్‌ని ఒక చేత్తో పట్టుకునే కూర్చుంది.

ఊళ్లో దింపాం. ఆస్పత్రి ముందు నిలబెట్టాం. మచ్చలు ఇంకా మానని పిల్లలు చుట్టూ చేరి, తలుపు తీసి లోపలి చల్లగాలికి చేతులు పెట్టి నవ్వుకున్నారు. ఫొటోగ్రాఫర్ వాళ్లని పక్కకి జరిపి కెమెరా సరిచేసుకుంటుంటే, మాసే వచ్చింది. ఫ్రిజ్ వైపు చూడనైనా చూడలేదు. దాని మీది దండ తీసుకుని, ఊరి చివర పాపని పూడ్చిన వైపు నడిచిపోయింది.

దండ లేకపోతే ఫొటోకి అందం రాదనీ, పోయి వెనక్కి తెమ్మనీ ఫొటోగ్రాఫర్ నన్ను తొందరపెట్టాడు.

అట్లాగే తియ్యమన్నాను.