గుమ్మంలో అల్లుడుగారి గొంతు

దేవుడు మనల్ని ముఖ్యంగా చూస్తాడా, ముఖ్యంగా వింటాడా అన్న సందేహం ఏజెంటుగారిని పెళ్ళికి ముందు నుంచీ వెంటాడుతోంది. రెండూ చేస్తాడని అందరికీ తెలుసు. కానీ ముఖ్యంగా ఏది? చూసేవాడైతే, రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని అంతసేపు మొరపెట్టుకోవడం దేనికి? వినేవాడైతే, స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకోవడం దేనికి? ఈ సంగతి ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే భక్తి తగ్గిందనుకుంటారని భయం.

ఆ సందేహం రావడంలో ఆయన తప్పేమీ లేదు. ఆయన వృత్తి అలాంటిది. రేవులో దిగిన సరుకు ఏ తరగతికి చెందుతుందో, దానికెంత సుంకమో కాగితం రాసి సంతకం పెట్టడం ఆయన పని. ఒకే వస్తువు రెండు మూడు పనులు చేస్తే, వాటిలో ముఖ్యమైన పని ఏదో తేల్చి ఆ తరగతిలో వెయ్యాలి. కప్పులో చెంచాను చూసినా, చెంచాకు చివర ఫోర్కులా ముళ్ళను చూసినా ఆయనకు ముందు తరగతే గుర్తొచ్చేది.

ఈసారి చిక్కు వచ్చిపడింది వీడియో డోర్‌ఫోనుతో. గుమ్మం పక్కన గోడకు ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో గంట మీట, కెమెరా, మైకు, స్పీకరు. దానికి జతగా ఒక తెర. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఆ తెర ఎంత దూరంలో ఉన్నా గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కనిపిస్తారు, వాళ్ళతో మాట్లాడవచ్చు. మాట్లాడే యంత్రాల తరగతిలో వేస్తే సుంకం నామమాత్రం. చూసే యంత్రాల తరగతిలో వేస్తే నడ్డి విరుగుతుంది. ఏజెంటుగారు మాట్లాడే యంత్రమని రాసి సంతకం పెట్టారు. సుంకాల అధికారి అది చూసే యంత్రమన్నారు. కావాలనే తప్పు రాసినట్టు విచారణలో తేలితే ఏజెంటుగారి లైసెన్సు పోతుంది. ఆ లైసెన్సు తప్ప ఆ ఇంటికి మరో ఆధారం లేదు.

విచారణ రోజు పొద్దున ఆయన పథకం చాలా మామూలుగా ఉంది. నమూనా పెట్టెను ముందురోజే తన ఇంటి గుమ్మం పక్కన అతికించారు. తెరను సంచిలో పెట్టుకున్నారు.

"పదకొండింటికి గుమ్మంలో నిలబడి గంట నొక్కు," అని భార్యకు చెప్పారు. "నమస్కారమండీ, బాగున్నారా అని అడుగు. ఆయన బాగున్నానంటారు. అంతే. ఇది మాట్లాడే వస్తువని తేలిపోతుంది."

"అయితే ఆ ఆఫీసరుగారికి నేను కనిపిస్తానా?"

"కనిపిస్తావులే. కనిపించడం ముఖ్యం కాదు."

"మీకు కాదు," అంది ఆమె అద్దంలో చూసుకుంటూ.

ఆ మాటను ఏజెంటుగారు పట్టించుకోలేదు. లోపలి గదిలో ఉన్న అత్తగారికి ఈ ఏర్పాటు గురించి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

అధికారి గదిలో పెద్ద బల్ల ఉంది. కుర్చీ మాత్రం బల్లకు ఆవల ఒక్కటే. ఎదుటివాళ్ళు ఎవరైనా నిలబడాల్సిందే. గోడవారగా గుమస్తాలు నిలబడ్డారు. సరుకు తెప్పించిన వ్యాపారి ఓ మూల నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. అధికారికి ఒక అలవాటుంది. ఏ తీర్పు చెప్పినా ముందు "అంటే ఏంటంటే" అంటారు. ఆ మాట వినపడిందంటే ఎవరికో సుంకం పడిందన్నమాటే.

"అంటే ఏంటంటే, తెర ఉంది, కెమెరా ఉంది. ఇది చూసే వస్తువు," అన్నారు అధికారి.

"పేరులోనే ఫోను ఉందండీ," అన్నారు ఏజెంటుగారు.

"జీడిపప్పులో పప్పు ఉందని కందిపప్పు పక్కన పెడతామా? గేటు దగ్గర మీ ఫోన్లు తీసుకున్నారా?"

"తీసుకున్నారండీ. లోపలికి ఫోన్లు తేకూడదు కదా."

"మరి ఇది ఎందుకు తీసుకోలేదు?"

వ్యాపారి మూలలోంచి అమాయకంగా, "ఇది ఫోను కాదులే, టీవీలా ఉంది పొండి అన్నాడండీ," అన్నాడు.

"చూశారా! మా గేటు జవానుకు తెలిసింది మీకు తెలియలేదు."

పదకొండు దాటింది. గంట మోగలేదు. ఏజెంటుగారు ఆఫీసు ఇంటర్నెట్‌కు కలిపిన ఆ తెరను తానే ఆన్ చేశారు.

తెరలో తన ఇంటి గుమ్మం కనిపించింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బలిష్ఠమైన మనిషి ఒకడు ఏజెంటుగారి భోజనాల కుర్చీలను చంకకొకటిగా ఇరికించుకుని, దర్జాగా బయటికి నడుస్తున్నాడు.

"దొంగ!" ఏజెంటుగారు మాట్లాడే మీట మీద వేలు గుచ్చి అరిచారు. "దొంగ! కుర్చీలు కింద పెట్టరా!"

స్పీకరు మంచి నాణ్యమైనది. గుమ్మమంతా దద్దరిల్లింది. ఆ మనిషి అదిరిపడి ఒక కుర్చీని తన కాలి మీదే వేసుకున్నాడు.

"దొంగను కాదు బాబోయ్, వడ్రంగిని! రిపేరుకి అమ్మగారే తీసుకెళ్ళమన్నారు! ఎవరది? ఎక్కడున్నారు?" అని నలువైపులా చూశాడు. చుట్టుపక్కల పురుగు కూడా లేదు.

"దొంగని ఎలా అనుకున్నారు?" అని అధికారి నెమ్మదిగా అడిగారు.

"కుర్చీలు తీసుకెళ్తూ కనిపించాడండీ."

"అంటే ఏంటంటే, చూశారు," అని అధికారి ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఈలోగా వడ్రంగి పెట్టిన కేకకు లోపలి నుంచి అత్తగారు, ఎదురింటి నుంచి టైలరు పరుగున వచ్చారు.

"మా అల్లుడుగారి గొంతులా వినపడిందే. ఏరీ?" అన్నారు అత్తగారు.

"లేరమ్మా. గొంతొక్కటే వచ్చింది," అన్నాడు వడ్రంగి.

టైలరు మెడలో టేపును సర్దుకుని ఆలోచించాడు. "ఆఫీసుకెళ్ళిన మనిషి గొంతొక్కటే ఇంటికొచ్చిందంటే..." అని ఆగాడు. అతను ఆపిన వాక్యాన్ని అప్పుడే గుమిగూడుతున్న వీధి జనం మనసులో పూర్తి చేసుకున్నారు.

ఏజెంటుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. మీట నొక్కి, "అత్తయ్యగారూ! నేను బతికే ఉన్నాను!" అని అరిచారు.

"బతికున్నవాళ్ళెవరూ అలా చెప్పుకోరు బాబూ," అని ఆవిడ గోడ పట్టుకుని కూలబడ్డారు. "అయ్యో, పొద్దున కాఫీ కూడా సగమే తాగారు నాయనా!"

"ఆ ఆఫీసరే చంపుంటాడు పిన్నిగారూ," అన్నాడు టైలరు. "మొన్న ప్యాంటు కొలతలకి వచ్చినప్పుడు ఏజెంటుగారే చెప్పారు. నవ్వితే సుంకం కట్టాల్సొస్తుందని నవ్వడట. పెద్ద మొండిఘటమట."

అధికారి తెర మీంచి తలెత్తి ఏజెంటుగారి వైపు చూశారు.

"అది... నేననలేదండీ," అన్నారు ఏజెంటుగారు.

"ఆ టైలరు మీ ఎదురింటాయనే కదా?"

"ఆయన కొలతలే సరిగ్గా తీయడండీ, ఇక మాటలా..."

తెరలో ఎవరో, "పాపం, ఆ ఇల్లాలు ఏదీ? ఆమెకి తెలుసా?" అని అడిగారు.

"బ్యూటీ పార్లరుకెళ్ళింది," అన్నాడు టైలరు. "ఇవాళ ఎవరో పెద్దాఫీసరు చూస్తారటగా!"

అధికారి కలం మూత తీశారు. "విన్నారా? మీ ఇంట్లోవాళ్ళే ఇది చూసే వస్తువని తేల్చేశారు. ఇంకేం చెబుతారు మీరు?"

ఇరవై ఏళ్ళుగా పెడుతున్న సంతకం ఇవాళ్టితో సరి. దేవుడా అని ఏజెంటుగారు కళ్ళు మూసుకున్నారు. మూసుకున్న మరుక్షణం, ఒకవేళ దేవుడు ముఖ్యంగా చూసేవాడైతే అన్న అనుమానం వచ్చి ఒక కన్ను తెరిచారు.

ఆ తెరిచిన కంటికి వడ్రంగి మొహం తెరనిండా కనిపించింది. వాడు ముక్కు ఆనించి పెట్టెలోకి తొంగి చూస్తున్నాడు. "అమ్మో! గోడకి కన్నుందమ్మా!"

"ఏ కన్నైతేనేం, ముందు మూసెయ్," అని అత్తగారు లేచి, పక్కన ఆరేసిన తడి తుండుగుడ్డ లాగి పెట్టె మీద కప్పేశారు. తెర నల్లబడిపోయింది. శోకాలు మాత్రం స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నాయి.

అధికారికి సహనం నశించింది. తనను హంతకుడని వీధంతా చెప్పుకుంటుంటే ఎవరు ఊరుకుంటారు? తెరను తన వైపు లాక్కుని మీట నొక్కారు.

"ఇదిగో చూడమ్మా, ఇక్కడ ఎవరూ పోలేదు. అంటే ఏంటంటే, మీ అల్లుడు నా ఎదురుగానే నిలబడి ఉన్నారు. అంటే ఏంటంటే..."

శోకాలు ఠక్కున ఆగిపోయాయి.

"ఆగు," అంది అత్తగారి గొంతు. ఆ గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు. "ఆ మాట మళ్ళీ అను."

"ఏ మాట? అంటే ఏంటంటే..."

"కిటికీ! నువ్వు కిటికీవి కదూ?"

అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తాను లేచిన సంగతి ఆయనకే తెలియదు.

"టీ... టీచర్?"

అత్తగారు రిటైరయ్యే వరకూ బడిలో లెక్కలు చెప్పినావిడ. అల్లుడితో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు వేరు. ఇప్పుడు వినిపిస్తున్న గొంతును ఏజెంటుగారు తన జన్మలో వినలేదు. ఆయన కూడా తెలియకుండానే చేతులు కట్టుకున్నారు.

"జవాబు రాకపోతే 'అంటే ఏంటంటే' అంటూ కిటికీ వైపు జరిగేవాడివి నువ్వొక్కడివే. పదిహేడో ఎక్కం అప్పజెప్పమంటే ఆరు దాకా చెప్పి, బడి గంట కొట్టగానే కిటికీలోంచి దూకేశావు. మర్నాడు మీ నాన్నకి బదిలీ అన్నారు. మిగతాది ఎవరు చెబుతార్రా?"

"టీచర్, నేనిప్పుడు ఒక ముఖ్యమైన విచారణలో..."

"నేనూ విచారణే చేస్తున్నా. మొదట్నుంచీ చెప్పు."

అధికారి గుమస్తాల వైపు చూశారు. గుమస్తాలు గోడల వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకుని, "పదిహేడు ఒకట్లు పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు..." అని మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర వీధి జనమంతా ఊపిరి బిగబట్టి విన్నారు. మూళ్ళు యాభై ఒకటి, నాలుగులు అరవై ఎనిమిది, అయిదులు ఎనభై అయిదు. "పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏడులు..."

అప్పుడు గంట మోగింది.

"నమస్కారమండీ! బాగున్నారా?" అని ఏజెంటుగారి భార్య గొంతు తీయగా పలికింది. పార్లరులో ఆలస్యమై, గుమ్మంలో జనాన్ని తోసుకుంటూ వచ్చి, అప్పజెప్పిన పని ముందు పూర్తి చేసిందామె. అంతలోనే, "అయ్యో, దీనికి ఈ తుండుగుడ్డేమిటమ్మా! ఇంత ఖర్చుపెట్టి..." అంది.

"నువ్వుండవే. గుడ్డ ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది తల్లి. "ఒరేయ్ కిటికీ, గంటకి కదిలావా?"

అధికారి నిజంగానే కిటికీ వైపు ఒక అడుగు వేసి ఉన్నారు. అది మూడో అంతస్తు. ఆ అడుగు వెనక్కి తీసుకుని, ఆయన చేతిలోని నల్లటి తెరను కాసేపు తేరిపార చూశారు. ఏదో పెద్ద సంగతి అప్పుడే తెలిసివచ్చినవాడిలా మొహం పెట్టి, మీట వదిలి ఏజెంటుగారి వైపు తిరిగారు.

"ఇందులో మీకేమైనా కనిపిస్తోందా?"

"ఏమీ లేదండీ. తుండుగుడ్డ."

"ఆవిడ నాకు కనిపించలేదు. నేను ఆవిడకి కనిపించలేదు. అయినా నా కాళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి. చూసే వస్తువైతే, గుడ్డ కప్పగానే దీని పని ఆగిపోవాలి కదా? ఆగలేదే! కొంప ముంచడానికి దీనికి బొమ్మ అక్కర్లేదండీ, గొంతు చాలు. ఇది మాట్లాడే వస్తువే. మీరు రాసింది కరెక్టు."

ఏజెంటుగారు మాత్రం అప్పటికి పూర్తిగా మారిపోయి ఉన్నారు. తన కుర్చీలు ఊరేగడం, తన చావుకు టైలరు టేపు సర్దుకోవడం స్వయంగా చూసిన మనిషి ఆయన. అబద్ధం ఆడటం చేతకాక, "కాదండీ, ఎంత చూసినా ఇది చూసే..." అనబోయారు. వ్యాపారి మూలలోంచి ఒక్క గెంతు గెంతి ఆయన కాలు తొక్కాడు.

"మాట్లాడకండి," అని అధికారి కసిరారు. "రాయనివ్వండి."

నిలబడే రాశారు. సంతకం పెట్టారు. ముద్ర వేశారు. లైసెన్సు నిలబడినట్టు గుమస్తా చెవిలో చెబితేగానీ ఏజెంటుగారికి బుర్రకెక్కలేదు. ఎక్కాక ఆయనకు కూర్చోవాలనిపించింది. ఆ గదిలో ఒకే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాంట్లో కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. అధికారికి కూడా.

"ఏరా, ఏడులు?" అంది నల్లటి తెర.

అధికారి మీట నొక్కి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "పదిహేడు ఏడులు నూట పంతొమ్మిది. పదిహేడు ఎనిమిదులు... ఎనిమిదులు... నూట ముప్పై ఆరు. తొమ్మిదులు నూట యాభై మూడు. పదిహేడు పదులు నూట డెబ్బై, టీచర్."

"ఊఁ. ఇక కూర్చో."

అధికారి కూర్చున్నారు. బడి గంటకు ఆగిపోయిన పదిహేడో ఎక్కం, అంతమంది సమక్షంలో, ఏ సుంకమూ లేకుండా విడుదలైంది.