నర్సమ్మ లేని గ్రీన్ కమిటీ

ఆసుపత్రుల వల్ల కూడా భూమి వేడెక్కుతోందనీ, దాన్ని చల్లబరిచే పనిలో నర్సుల్ని కలుపుకోవాలనీ ఈమధ్య కొందరు అనడం మొదలుపెట్టారు. వాళ్ళ మాట వినకండి. భూమిని కాపాడాలంటే ముందు నర్సుల్ని మీటింగు హాలు బయట ఉంచాలి!

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మా ఆసుపత్రి గ్రీన్ కమిటీలో నేను గౌరవ సభ్యుణ్ణి. మొత్తం పన్నెండు మందిమి. డైరెక్టరుగారు, ఇంజినీరు, బల్బుల కంపెనీ ఆయన, ఇలాంటి పెద్దలు. పత్రికల్లో రాస్తాను కాబట్టి నేను. ఒక రోగిని లేపి కూర్చోబెట్టిన అనుభవం మాలో ఎవరికీ లేదు. అందుకే చర్చలు అంత ప్రశాంతంగా సాగుతాయి. ఏసీ చలికి శాలువాలు కప్పుకుని కరెంటు పొదుపు గురించి మాట్లాడుకుంటాం.

ఒకసారి వార్డు హెడ్ నర్సు తలుపు దగ్గర నిలబడి "రెండు నిమిషాలు సార్" అంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆవిడది. చేతిలో డ్రెస్సింగ్ ప్యాకెట్టు.

"ఇందులో పదకొండు వస్తువులుంటాయి సార్. మేం వాడేవి నాలుగు. ప్యాకెట్టు విప్పాక మిగతావన్నీ చెత్తబుట్టలోకే. ఆ నాలుగే విడిగా తెప్పిస్తే మా ఒక్క వార్డులోనే రోజుకో బస్తా చెత్త తగ్గుతుంది."

చూశారా ప్రమాదం? అందరూ ఇలా పనికొచ్చే మాటలు మాట్లాడితే ఇక కమిటీ ఎందుకు? ఎజెండాలో లేదని డైరెక్టరుగారు ఆవిణ్ణి మర్యాదగా పంపించేశారు. ఆ తర్వాత వార్డులన్నిటికీ సెన్సార్ లైట్లు పెట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే అర నిమిషంలో ఆరిపోతాయి. తీర్మానాన్ని బలపరిచింది నేనే. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆసుపత్రిలో కదలని వాళ్ళు కూడా ఉంటారని పన్నెండు మందిలో ఒక్కరికీ తట్టలేదు.

మొన్న మా ఆవిడకి వాంతులు పట్టుకున్నాయి. అదే వార్డులో, కిటికీ లేని గదిలో చేర్చాం. వెంటనే సెలైన్ పెట్టాలన్నారు. ఒంట్లో నీరంతా పోవడంతో నరం దొరకడం లేదు. హెడ్ నర్సే స్వయంగా వచ్చింది. ఆనాడు శాలువాలో ముడుచుకున్న నన్ను ఆవిడ గుర్తుపట్టలేదు. మా ఆవిడ చెయ్యి పట్టుకుని, వంగి, ఊపిరి బిగబట్టి వెతికింది. నరం దొరికింది. లైటు ఆరిపోయింది.

"చేతులూపండి బాబాయ్ గారూ."

ఊపాను. వెలిగింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. నేను మా ఆవిడ మొహం చూస్తూ ఊపడం మర్చిపోయాను. మళ్ళీ చీకటి, సూది జారింది. మా ఆవిడ "అమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి?

మూడోసారి రెండు చేతులూ పైకెత్తి ఆపకుండా ఊపాను. సెలైన్ ఎక్కింది.

"ఎవరో మహానుభావులు పెట్టించారండీ ఈ లైట్లు" అంది హెడ్ నర్సు, సూది మీద ప్లాస్టర్ అంటిస్తూ. "నరం చూసేటప్పుడు కదలం కదా. మమ్మల్ని ఒక్కమాట అడిగుంటే చెప్పేవాళ్ళం."

"ఎవరోనమ్మా" అన్నాను.

"ఈయనే" అంది మా ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

నా కుర్చీ హెడ్ నర్సుకి ఇవ్వమని కమిటీకి ఉత్తరం రాశాను. ఎజెండాలో లేదని జవాబొచ్చింది. కాబట్టి భూమికి వచ్చిన ముప్పేమీ లేదు, మీరు నిశ్చింతగా ఉండండి.

మా ఆవిడ ఇంకో రెండు రోజులు ఆ గదిలోనే ఉండాలి. మూడు షిఫ్టుల నర్సులకీ నేనెవరో తెలిసిపోయింది. సూది చేతిలోకి తీసుకుని నా వైపు చూస్తారు. నేను లేచి చేతులెత్తుతాను.