ఇత్తడి పళ్లెంలో సాక్ష్యం

“ఈ చిత్తూరు జిల్లాలో నా కన్ను దాటిపోయే నేరస్థుడు ఇంకా పుట్టలేదు!” అని తిరుమలయ్య ప్రకటించాడు.

విన్నది ఇద్దరే. అన్న కూతురు ధరణి, వదిన వసంతమ్మ. ఆ ఇద్దరికీ తెలిసినంతలో ఆయన కంట ఇంతవరకూ ఏ నేరస్థుడూ పడలేదు. ముప్పై ఏళ్లు బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా చేసి, రిటైరైన మరునాడు డిటెక్టివ్ అయిన మనిషి ఆయన. అందుకు కావలసిన అర్హతలు రెండు సంపాదించాడు. ఒకటి, చేతులు చూసే జోస్యుడి దగ్గర కొన్న భూతద్దం. రెండోది, ఎండాకాలంలోనూ విప్పని మఫ్లర్.

ఇప్పటి కేసు వాకిట్లో నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ల తెల్లకారు. ధరణి నాయన మునిరత్నంది. ధరణి డ్రైవింగు నేర్చుకున్నది అందులోనే. ఆయన వేసవిలో పోయాడు. దసరాకు ఆయుధపూజ ఆయన బదులు తమ్ముడు తిరుమలయ్యే దగ్గరుండి ఘనంగా చేశాడు. ఆ మరుసటి రోజు నుంచీ కారుకు జబ్బు. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటుంది. తోస్తే స్టార్టవుతుంది కానీ యాక్సిలరేటరు వదిలితే నిలవదు. లైటు వేస్తే ఇంజను రెండుసార్లు ఎగపోసి ఆగిపోతుంది.

తిరుపతిలో ఉండే ధరణి అన్న అమర్‌నాథ్ ఫోనులో తేల్చి చెప్పాడు. “గురువారం నాలుగ్గంటలకు పాత ఇనుము లారీ వస్తాది. ఆలోపల అది తోయకుండా స్టార్టయి నిలబడితే పెట్టుకో. లేదంటే పంపించెయ్.”

ఇవాళ గురువారం. మెకానిక్ ఏబెల్ రేణిగుంటలో పెళ్లికి పోయాడు, సోమవారం గానీ రాడు. ధరణికి మిగిలింది చిన్నాయన.

తిరుమలయ్య బానెట్ ఎత్తి, భూతద్దం పెట్టి, చాలాసేపు రేడియేటర్‌ను అనుమానంగా చూశాడు.

“ఇది జబ్బు కాదమ్మా. హత్యాయత్నం.”

“చిన్నాయనా, టైమవుతాంది.”

“లైటేస్తే ఇంజను ఆగిపోతాంది. అంటే ఏమి? లోపల కరెంటు చాల్లేదు. ఎందుకు చాల్లేదు? ఎవడో దొంగిలిస్తాండాడు!”

పక్కింటి మునిశేఖర్ అప్పుడే తన ఎలక్ట్రిక్ స్కూటరు బయటికి తీస్తున్నాడు. తిరుమలయ్య కళ్లు చికిలించాడు.

“ఏమప్పా, దీనికి కరెంటు యాడిది?”

“మా ఇంట్లోదే సార్.”

“ప్లగ్గు యాడుండాది?”

“గోడకు.”

“ఆ గోడకు అవతల ఏముండాది?”

“మీ కారు.”

“ఒప్పుకున్నాడు! రాసుకో ధరణీ!”

మునిశేఖర్ ధరణి వైపు తిరిగాడు. “అక్కా, సార్‌కు ఎండ తగిలినట్టుండాది. మజ్జిగ ఇయ్యి.”

తర్వాత వేలిముద్రల ఘట్టం. తిరుమలయ్య ఇంట్లోంచి పౌడరు డబ్బా తెచ్చి సగం బ్యాటరీ మీద, సగం తన మీద కుమ్మరించుకున్నాడు. స్పానరుతో బ్యాటరీ ప్లస్ వైపు ఇత్తడి క్లిప్పు విప్పి ఒక్కసారిగా కేక వేశాడు.

“రక్తం! ఎండిన రక్తం!”

క్లిప్పు లోపల ఎర్రగా, పసుప్పచ్చగా ఏదో గట్టిగా పేరుకుని ఉంది. అది బిగించి ఉన్న బ్యాటరీ మొన మీద కూడా అంతే. తిరుమలయ్య ఆ మొన మీద వేలిముద్రల కోసం మఫ్లరు కొసతో రుద్దాడు. మొన తళతళలాడింది. ముద్రలు మాత్రం దొరకలేదు. “తొడుగులు వేసుకోని వచ్చినాడు” అని తేల్చి, క్లిప్పును వైరు నుంచి కూడా ఊడదీసి పక్కన కొళాయి దగ్గరున్న ఇత్తడి పళ్లెంలో భద్రపరిచి, స్కూటరు టైరు గుర్తులు కొలవడానికి గోడ పక్కకు పోయాడు.

ఆ పళ్లెం వసంతమ్మది. గురువారం మధ్యాహ్నం ఆమె దేవుడింటి ఇత్తడి సామానంతా కొళాయి దగ్గర వేసి తోముతుంది. దీపం కుందెలు, గంట, హారతి పళ్లెం, వాటితోపాటు సాక్ష్యం, అన్నిటికీ చింతపండు పట్టించి, ముగ్గుపిండితో రుద్ది, కడిగి, గుడ్డతో తుడిచి ఎండలో పెట్టింది.

మూడున్నరకు తిరుమలయ్య తిరిగొచ్చి గుండె పట్టుకున్నాడు.

“వదినా! రక్తం కడిగేసినావా?”

“రక్తమేందయ్యా? పసుపు, కుంకుమ, గంధం. కుందెల మీద ఉండేదే కదా. ఈ కుందె ఏందో మరీ బుడ్డది, వత్తికి చోటే లేదు.”

కేసు నీరుగారిపోయిందని తిరుమలయ్య ఏడుపు మొహంతో క్లిప్పు మళ్లీ బిగించాడు. వీధి మొదట్లో లారీ హారను వినిపించింది. ధరణి కారులో కూర్చుంది. తాళం పెట్టింది. తిప్పింది.

ఇంజను అందుకుంది. ధరణి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసింది. నిలబడింది. లైటు వేసింది. అయినా నిలబడింది. నాయన ఉన్నప్పటి చప్పుడే.

“ఈ బండేనా మేడమ్?” అన్నాడు లారీ డ్రైవరు, కిందికి దిగి.

“కాదప్పా. వెనక్కి తీసకపో.”

లారీ పోయాక తిరుమలయ్య మఫ్లరు సర్దుకున్నాడు. “సూసినావా? నేను దగ్గరికొస్తా ఉండాననగానే దొంగ భయపడి కరెంటు వెనక్కి ఇచ్చేసినాడు.”

“చిన్నాయనా, దసరాకు నాయన ఏం చేస్తా ఉండె?”

“ఏముంది, బానెట్ మీద ఒక బొట్టు. అదీ ఒక పూజేనా? నేను క్లిప్పు విప్పి, లోపలంతా గంధం, కుంకుమ మెత్తి మళ్లీ బిగించినాను. ప్లస్ గుర్తుండాది కదా, శుభమని.”

“ఆ గంధమే ఎండి కరెంటుకు అడ్డం పడింది.”

తిరుమలయ్య భూతద్దం గడ్డానికి ఆనించుకుని ఆలోచించాడు.

“అయితే వాడు మామూలోడు కాదమ్మా. మన ఇంటి మనిషే. నా గంధాన్నే ఆయుధం చేసుకున్నాడు.”

ధరణి కిటికీలోంచి చెయ్యి చాపి కారు పక్క అద్దాన్ని ఆయన వైపు తిప్పింది. “ఇదిగో, దొరికినాడు. సూడు.”

తిరుమలయ్య వంగి, భూతద్దం పెట్టి, అద్దంలోకి తేరిపార చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“వీడా? ముఖం సూస్తే మంచోడి మాదిరి ఉండాడే!”

వసంతమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ కారు దగ్గరికొచ్చింది.

“ఆగిపోలేదా ఇంకా?”

“లేదు మా.”

“అయితే ఆపొద్దు. కాసేపు అట్లే ఉండనీ.”